బాంబుకి ముందరి ఇనుము

ఆస్పత్రి నేలమాళిగలో ఆ గది గోడలు
సముద్రం అడుగునుంచి కోసుకొచ్చిన యుద్ధనౌక ఇనుము.
మొదటి బాంబు పేలకముందే మునిగింది కాబట్టి
ఆ ధూళి దానికి సోకలేదట.
మడి కట్టుకున్న ఇనుము, అనుకుంటాను నేను.
ఎవరితోనూ అనను.

బయట స్ప్రింగ్‌డేల్‌లో తెల్లారుతోంది.
కోళ్ళ లారీ పోయినంత మేరా రోడ్డు మీద ఈకలు.
రాత్రి షిఫ్టు దిగి ముగ్గురొచ్చారు,
చేతులకింకా శీతలగది చలి.
నాలుగో మనిషి నెయ్‌టోక్,
ఎనభై దాటింది, కోడలి కోటులో సగమే ఉంది.

చెప్పేవన్నీ చెప్పాను:
గొలుసు తీయండి, పడుకోండి,
పావుగంట కదలొద్దు.
మనవరాలు నాకన్నా పొడుగ్గా చెప్పింది.
ముసలావిడ నవ్వింది.
"ఇదైదోసారట. మొదటిసారి ఓడలో, సీసపు కుర్చీలో.
అప్పుడామె కడుపుతో ఉంది.
కదలొద్దంటే తను కదల్లేదట,
లోపలి పిల్ల కదిలిందట."
ఆ పిల్ల ఏమైందో అడగలేదు.
ఫారంలో దానికి గడి లేదు.

మా భాషలో కొలతలన్నీ ఒంటివే.
చిటికెడు ఉప్పు, పిడికెడు బియ్యం,
మూరెడు పూలు, చారెడేసి కళ్ళు,
బారెడు పొద్దెక్కినా లేవని బద్ధకం.
ఒంటినే కొలవాల్సొస్తే దేనితో కొలవాలో
మా వాళ్ళెవరూ చెప్పిపోలేదు.

గుమ్మడికాయంత ఉప్పు స్ఫటికం
ఆమె పొట్ట మీదుగా వేలాడుతోంది.
లోపల ఏదైనా చిటుక్కుమంటే
దానిలో మిణుగురంత వెలుగు.
అద్దానికివతల కూర్చుని
ఆ మిణుగురుల్ని లెక్కపెట్టడం నా ఉద్యోగం.

తెర మీద కుడివైపు చిన్న మిట్ట. పొటాషియం.
అరటిపండు తిన్న ప్రతి ఒంట్లోనూ ఉండేదే,
నాలోనూ ఉంది.
ఎడమపక్క, సీజియం లేవాల్సిన చోట,
చాప పరిచినంత చదును.

"ఏమీ లేదని చెప్పు" అన్నాను, పండగ కబురులా.
నెయ్‌టోక్ లేచి కూర్చుంది.
మళ్ళీ చూడమంది.

రూలు ఒప్పుకోదు. చూశాను.
ఇంకో పావుగంట, అదే చదును.

చేతులు తిప్పుతూ వివరించాను:
సీజియం ఒంట్లో కాపురముండదు,
మూణ్ణాలుగు నెలలకి సగం పోతుంది,
మిగిలినదాంట్లో సగం మరో మూణ్ణాలుగు నెలలకి.
దీవి కొబ్బరీ దీవి పీతా తింటేనే మళ్ళీ చేరేది.
మీరొచ్చి పదకొండేళ్ళు, కోడీ అన్నమూ పంపునీళ్ళూ.
కడుక్కుపోయింది.
ఆమె గొంతు కింద కోతమచ్చ గురించి
ఈ మిషనుకేమీ తెలియదు.
ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

మనవరాలు మాట కోసం తడుముకుంది.
"అయితే మా దీవి నాలో ఇప్పుడు సున్నానా, అంటోంది."

ఏం చెప్పను?
ఆమె గోడ మీద అరచెయ్యి ఆనించి
ఈ ఇనుమెక్కడిదని అడిగింది. చెప్పాను.
మునిగినందుకు మంచిదయిందా దీనికి, అంది.
ఆ గదిలో బాంబుకన్నా ముందు పుట్టినవి
రెండే, ఆ గోడలూ ఆవిడా.

చెప్పులు తొడుక్కోబోతూ ఆగింది.
మంచం చల్లగా ఉందంది, చాపైనా లేదంది.
జాన వేసి కొలవడం మొదలుపెట్టింది,
తలవైపునుంచి కాళ్ళవైపుకి.
చిటికెనవేలి కొస కోళ్ళ ఫ్యాక్టరీ తీసుకుంది గనక
ఆ జాన ఇంకెవరి జానా కాదు.
వచ్చే నెల ఎవరో దీవినుంచి మొగలాకు తెస్తున్నారట,
అల్లి పంపిస్తుందట.

ఆ ఆకుని కూడా ముందిక్కడ పెట్టి చూడాలని
నోటిదాకా వచ్చింది.

ఫారంలో సున్నా రాశాను.
అంచున, పెన్సిలుతో: తొమ్మిది జానలు, రెండు వేళ్ళు.
తర్వాతి మనిషి అప్పటికే
గడియారం తీసి గుప్పిట్లో పట్టుకుని
గుమ్మంలో నిలబడున్నాడు.